పాత 12+1 ట్రావెలర్‌ను క్యాంపర్‌గా మార్చాలి, షెడ్డు ఇచ్చిన ఎస్టిమేట్ చూసి తప్పులుంటే చెప్పండి

కృష్ణలంక_కుర్రోడు:

బండి ఫోర్స్ ట్రావెలర్, 3350 ఎంఎం వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), 12+1 (పన్నెండు మంది, డ్రైవర్), 2015 మోడల్, ఇంకా పసుపు బోర్డే. ఇంజిన్, గేర్‌బాక్స్ బాగున్నాయి. వెనక చక్రాల ఆర్చిల దగ్గర, ఫుట్‌బోర్డు కింద తుప్పు ఉంది. ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు పడుకోవాలి. అరకు, లంబసింగి, హంపి, గోకర్ణ లాంటి చోట్లకి వారం పది రోజుల ట్రిప్పులు.

ఆటోనగర్‌లో బాడీ షెడ్డువాళ్లు రాసిచ్చింది ఇది. సీట్లన్నీ పీకేసి గోడలకీ పైకప్పుకీ గ్లాస్ వూల్. మంచం, కిచెన్ అంతా 18 ఎంఎం ప్లైవుడ్. వెనక డోర్ పక్కన 200 లీటర్ల వాటర్ ట్యాంక్. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ (ఆసిడ్ రకం), ఇంట్లో వాడే ఇన్వర్టర్. టన్ను స్ప్లిట్ ఏసీ, దాని అవుట్‌డోర్ యూనిట్ వెనక డోర్ మీద. పైన ఫ్యాన్‌కి రేకు కోసి సిలికాన్ పెడతారట. ఆర్సీ సంగతి "పని అయ్యాక చూసుకోవచ్చు" అన్నారు.

అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు. ఇందులో ఏది ఉంచాలి, ఏది మార్చాలి? రాత్రిళ్లు బ్యాటరీ మీద ఏసీ నడవడం కుదిరే పనేనా?

ఎఫ్‌సీ_తేదీ:

అడ్వాన్స్ ఇవ్వకపోవడం మంచిదైంది. కాగితాల సంగతి ముందు చెప్తాను, మిగతావి తెలిసినవాళ్లు చెప్తారు.

"పని అయ్యాక చూసుకోవచ్చు" అన్న మాట నమ్మకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. మీ బండిలో సీట్ల సంఖ్య మారుతుంది, బాడీ టైపు మారుతుంది, ఖాళీ బరువు మారుతుంది. ఈ మూడూ ఆర్సీలో ఉండేవే. అందుకని లేఅవుట్ డ్రాయింగ్, మిగిలే సీట్ల సంఖ్య పట్టుకుని ముందు మీ ఆర్టీఏ ఆఫీసులో రాతపూర్వకంగా అనుమతి అడగండి. పని పూర్తయ్యాక బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూస్తారు, ఆ తర్వాతే ఆర్సీ మారుతుంది. షెడ్డు బిల్లులు, కాటా చీటీ, పనికి ముందూ తర్వాతా తీసిన ఫొటోలు ఒక ఫైల్లో పెట్టుకోండి.

పసుపు బోర్డు తెల్ల బోర్డు కావాలంటే క్వార్టర్లీ ట్యాక్స్ బాకీ లేకుండా కట్టి, పర్మిట్ సరెండర్ చేసి, లైఫ్ ట్యాక్స్ లెక్క తేల్చుకోవాలి. సొంత వాడకానికి ఉంచుకునే క్యాంపర్ వ్యాన్‌ను కేంద్రం 2004 నోటిఫికేషన్‌లోనే నాన్-ట్రాన్స్‌పోర్ట్ (సొంత వాడకం బండ్ల) జాబితాలో పెట్టింది. అడిగేటప్పుడు ఆ మాట ప్రస్తావించండి. లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుందో కౌంటర్లో లెక్క వేయించుకున్నాకే మిగతా బడ్జెట్ రాసుకోండి. బండి మార్చిన సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి ఎండార్స్‌మెంట్ (పాలసీలో ఆ మార్పు రాయించుకోవడం) తీసుకోవాలి. అది లేకపోతే క్లెయిమ్ దగ్గర మొదటి అభ్యంతరం అక్కడే వస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. సీట్లన్నీ పీకకండి. డ్రైవర్, పక్క సీటు కాక, వెనక ముందుకి తిరిగి ఉన్న ఒక వరుసను ఫ్యాక్టరీ బోల్టుల మీదే, బెల్టులతో సహా ఉంచండి. పిల్లలు ప్రయాణంలో కూర్చోవాల్సింది అక్కడే. ప్లైవుడ్ బెంచీకి బెల్టు బిగిస్తే సడన్ బ్రేక్‌లో ప్లై చీలిపోయి బెల్టుతో పాటు ఊడివస్తుంది. అడ్డంగా వేసిన సోఫా బండి ఆగినప్పుడు కూర్చోవడానికే. వెనక డోర్ లోపలి నుంచి తెరుచుకోవాలి. మంచం దానికి అడ్డం రాకుండా చూడండి. ఎమర్జెన్సీ కిటికీ మీద అల్మరా పెట్టనివ్వొద్దు.

రేకు_పని:

గ్లాస్ వూల్ వద్దు. అది బిల్డింగ్ ఫాల్స్ సీలింగ్‌కి పనికొస్తుంది. ఊగే బండిలో కిందికి జారి మూట కడుతుంది, తేమ పీల్చుకుని రేకుకి అతుక్కుంటుంది. లోపల నలుగురు ఊపిరి పీలుస్తుంటారు, వంట ఉంటుంది. కిలో గ్యాస్ మండితే సుమారు కిలోన్నర నీరు ఆవిరిగా బయటికొస్తుంది. లంబసింగి చలిలో ఆ ఆవిరంతా చల్లటి రేకు మీద నీటిబొట్లయి, వూల్ వెనకాల కనపడకుండా తుప్పు పట్టిస్తుంది. ఏసీ డక్టులకి చుట్టే క్లోజ్డ్ సెల్ నైట్రైల్ రబ్బరు షీటు తీసుకోండి. పైకప్పుకి 19 ఎంఎం, పక్కలకి 13 ఎంఎం. పైకప్పుకి సుమారు 8 చదరపు మీటర్లు పట్టొచ్చు, కానీ టేపు పెట్టి కొలిచాకే కొనండి. మామూలు గమ్ము ఎండలో మెత్తబడి షీటు ఊడుతుంది. ఎక్కువ వేడికి ఆగే గమ్ము అడిగి తీసుకోండి. అతికించే ముందు రేకును థిన్నర్‌తో తుడవాలి. మన ఎండలకి పైకప్పు తెల్ల రంగులో ఉండటం కూడా ఇన్సులేషన్ కిందే లెక్క.

అసలు వేడి వచ్చేది అద్దాల్లోంచి. పాసింజర్ బండి కాబట్టి రెండు పక్కలా అద్దాలే. అద్దం తీసేసి రేకు వెల్డింగ్ చేయిస్తే మళ్లీ బాడీ మార్పు అవుతుంది. కావలసిన రెండు మూడు కిటికీలు దోమల మెష్‌తో ఉంచి, మిగతావి లోపలి నుంచి 6 ఎంఎం ప్లై, దాని వెనక రబ్బరు షీటుతో మూయించండి. అద్దానికీ షీటుకీ మధ్య 10 ఎంఎం ఖాళీ ఉండాలి, అద్దం వైపు తెల్లగా ఉండాలి. నల్లటి షీటు నేరుగా అద్దానికి అంటిస్తే అద్దం వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది.

వీటన్నిటికంటే ముందు తుప్పు. ఫ్లోర్ మ్యాట్, దాని కింద ప్లై మొత్తం తీయించండి. ఆర్చిల దగ్గర స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. మొన దిగిన చోట రేకు అయిపోయినట్టే, గట్టి రేకు తగిలే దాకా కోయించాల్సిందే. 18 గేజ్ ముక్క వెల్డింగ్, దానిమీద ఎపాక్సీ ప్రైమర్, అతుకుకి సీమ్ సీలర్. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ టెర్మినల్స్, ఆల్టర్నేటర్ కనెక్షన్ తీయాలి. తుప్పు మీదే తారు పూసి కప్పే షెడ్లున్నాయి. కింద నుంచి నల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది, లోపల తినేస్తూనే ఉంటుంది. సీటు బోల్టుల రంధ్రాలు ప్రతిదీ వాషర్లేసి బోల్టు బిగించి పీయూ (పాలీయురిథేన్) సీలెంట్‌తో మూయాలి. డోర్ల కింద అంచుల్లో నీళ్లు కారిపోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటిని మాత్రం మూయొద్దు. ఇదంతా అయ్యాక, ఇన్సులేషన్ అంటించక ముందే, పైపు పెట్టి అరగంట పైనుంచి నీళ్లు కొట్టించండి. లోపల టార్చ్ వేసి ఒకరు కూర్చోవాలి. కారేది ఏదైనా ఆ రోజే కనపడాలి.

ఫ్యాన్ కోత: రూఫ్ ఫ్యాన్లు మామూలుగా 14 అంగుళాల చదరం. రెండు రిబ్బుల (పైకప్పు కింది అడ్డ పట్టీల) మధ్యే కోయాలి, రిబ్బును కోస్తే పైకప్పు బలం పోతుంది. కోసే ముందు పైకప్పంతా దుప్పటి పరిచి అంచులు టేపుతో మూయించండి. కట్టర్ రజను వేడివేడిగా పెయింటులో దిగి కూర్చుంటుంది. ఆ రోజు కనపడదు. మొదటి వానకి పైకప్పంతా నారింజ రంగు చుక్కలు తేలతాయి. కోసిన అంచుకి ప్రైమర్ రెండు కోట్లు, లోపల చెక్క ఫ్రేమ్, మధ్యలో బ్యుటైల్ టేపు, చుట్టూ పీయూ సీలెంట్. సిలికాన్ వద్దు. వెనిగర్ వాసన వచ్చే రకం రేకును తింటుంది. ఏ రకమైనా సరే, ఒకసారి సిలికాన్ పూసిన చోట తర్వాత పెయింటూ పట్టదు, వేరే సీలెంటూ పట్టదు. ఫ్యాన్ మంచం పైన పెట్టి, ముందు వైపు కిటికీ ఒకటి కొద్దిగా తెరిచి ఉంచితే గాలి బండి పొడవునా లాగుతుంది.

పన్నెండు_వోల్టులు:

ఏసీ ప్రశ్నకి జవాబు లెక్కలోనే ఉంది. టన్ను ఇన్వర్టర్ ఏసీ పూర్తి జోరు మీద 1,000 వాట్ల దాకా లాగుతుంది. రాత్రి చల్లబడ్డాక సగటున 500 వాట్లు అనుకున్నా 8 గంటలకి 4 యూనిట్లు. ఇన్వర్టర్ నష్టం కలిపితే 4.4 యూనిట్లు. అంటే 12 వోల్టుల లిథియం బ్యాటరీలో ఒక్క ఏసీకే సుమారు 350 ఏహెచ్, అదీ ఒక్క రాత్రికి. పైకప్పు మీద పట్టే సోలార్‌తో దాన్ని మర్నాటికి నింపలేరు. ఇక ఎస్టిమేట్‌లో ఉన్న 150 ఏహెచ్ ట్యూబులర్ మొత్తం 1.8 యూనిట్లు. బ్యాటరీ చెడకుండా అందులో సగమే వాడాలి. రెండు గంటల్లో ఏసీ ఆగిపోతుంది. పైగా అది 50 కిలోలు దాటుతుంది, ఛార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, కుదుపులకి ఆసిడ్ చిందుతుంది. పిల్లలు పడుకునే గదిలో దానికి చోటు లేదు.

ఏసీ కావాలంటే కరెంటు దొరికే చోట మాత్రమే వాడేలా పెట్టుకోండి. అవుట్‌డోర్ యూనిట్ వెనక డోర్ మీద వద్దు. పాతిక ముప్పై కిలోలు వేలాడితే కీలు పగుళ్లిస్తుంది. బయటి ప్లగ్గుకి 16 ఆంపియర్ల ఇన్లెట్, 2.5 స్క్వేర్ ఎంఎం మూడు కోర్ల కేబుల్, లోపలికి రాగానే డబుల్ పోల్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేది), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటు ఆపేది). ఎర్త్ వైరు బండి బాడీకి కలపాలి. దాబాల్లో, హోమ్‌స్టేల్లో చాలాచోట్ల ప్లగ్గులో ఎర్త్ ఉండదు, ఫేజు న్యూట్రల్ తారుమారై ఉంటాయి. మూడు పిన్నుల సాకెట్ టెస్టర్ ఒకటి కొని, ప్రతిచోటా ముందు అది గుచ్చి చూశాకే మీ ప్లగ్గు పెట్టండి. ఎర్త్ లేని ప్లగ్గుకి కలిపి, ఏసీలో లీకేజీ ఉంటే, కింద నిలబడి డోర్ హ్యాండిల్ పట్టుకున్న మనిషికి షాక్ కొడుతుంది.

ఏసీ పక్కన పెడితే మీ రోజు వాడకం ఇలా ఉంటుంది. 45 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ మన ఎండల్లో సుమారు 650 వాట్ అవర్లు. రూఫ్ ఫ్యాన్, రెండు చిన్న ఫ్యాన్లు కలిపి 60 వాట్లు, 9 గంటలకి 540. ఫోన్లు, ల్యాప్‌టాప్ 150. లైట్లు, పంపు కలిపి 60. మొత్తం 1,400. దీనికి 200 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ చాలు. అది 2,560 వాట్ అవర్లు, అందులో 85 శాతం వాడుకోవచ్చు. అంటే ఎండ లేకపోయినా ఒకటిన్నర రోజు వస్తుంది. సోలార్ 400 వాట్లు, 30 ఆంపియర్ల ఎంపీపీటీ (సోలార్ కరెంటును బ్యాటరీకి ఎక్కించే కంట్రోలర్). మంచి ఎండ రోజు ఇంచుమించు 1,400 తిరిగొస్తుంది. ముసురు పట్టిన రోజు మూడో వంతు వస్తే గొప్ప. ప్యానెళ్లు గట్టి అద్దం రకమే తీసుకుని, రేకుకి 40-50 ఎంఎం ఎత్తులో బిగించండి. కింద గాలి ఆడితే ప్యానెల్ చల్లగా ఉంటుంది, పైకప్పుకి నీడ కూడా దొరుకుతుంది. రేకుకి అతికించే పల్చటి ప్యానెళ్లు మన దగ్గర పెనం మీద పెట్టినట్టే. వేడి పెరిగే కొద్దీ ప్రతి డిగ్రీకీ 0.4 శాతం దాకా కరెంటు తగ్గుతుంది.

బండి ఆల్టర్నేటర్ నుంచి లిథియంకి నేరుగా వైరు లాగనివ్వొద్దు. లిథియం ఎంతిస్తే అంత తాగుతుంది, ఆల్టర్నేటర్ గంటల తరబడి ఫుల్ లోడ్ మీద నడిచి కాలిపోతుంది. మధ్యలో 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలి. రెండు గంటలు బండి నడిస్తే దాదాపు 800 వాట్ అవర్లు వస్తాయి. ముందు నుంచి వెనక్కి 5 మీటర్లనుకుంటే 16 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేయండి, వైరులో పోయే వోల్టేజి (డ్రాప్) 0.3 వోల్టు. 10 స్క్వేర్ వేస్తే అరవోల్టు పోతుంది. రెండు బ్యాటరీల వైపులా, టెర్మినల్‌కి జానెడు దూరంలో 50 ఆంపియర్ల ఫ్యూజు. ఒక వైపే పెడితే రెండో వైపు నుంచి షార్ట్‌కి అడ్డు లేదు.

ఇంటి వైరింగ్‌లో వాడే ఒంటి తీగ వైరు బండిలో వద్దు, కుదుపులకి లోపలే తెగుతుంది. సన్న పోగుల రాగి వైరు, క్రింపు లగ్గులు వాడండి. రేకు రంధ్రంలోంచి వైరు పోయే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) ఉండాలి. బండ్లు తగలబడటానికి ఇదో పెద్ద కారణం. రేకు అంచు రోజుకింత చొప్పున ఇన్సులేషన్‌ను కోస్తూ పోతుంది, ఫ్యూజు లేకపోతే ఒకరోజు వైరే హీటర్ అవుతుంది.

కృష్ణలంక_కుర్రోడు:

అందరికీ ధన్యవాదాలు. ఏసీ మానేశాను, ఇన్లెట్ మాత్రం పెట్టిస్తాను. సీట్లు దించి (ఒక వరుస ఉంచి) కాటా వేయించాను. ఆర్సీలో ఉన్న లేడెన్ వెయిట్‌కి (లోడుతో కలిపి ఉండగలిగే మొత్తం బరువుకి) ఇంకా 1,100 కిలోల తేడా ఉంది. అంత జాగా ఉన్నప్పుడు 18 ఎంఎం ప్లై, 200 లీటర్ల ట్యాంకు ఉంటే నష్టమేంటి?

కాటా_చీటీ:

మొత్తం ఒక్కటే చూస్తే చాలదు. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి, వెనకవి మాత్రమే పెట్టి ఒకసారి తూకం వేయించండి. యాక్సిల్‌కి (చక్రాల ఇరుసుకి) విడిగా పరిమితి ఉంటుంది, టైర్లకీ ఉంటుంది.

ట్యాంకు లెక్క చూడండి. వెనక డోర్ పక్కన అంటే వెనక యాక్సిల్‌కి సుమారు 900 ఎంఎం వెనక. 200 కిలోలు అక్కడ పెడితే, 200ని 900తో గుణించి 3,350తో భాగిస్తే 54. ముందు చక్రాల మీద నుంచి 54 కిలోలు లేచిపోతాయి, వెనక యాక్సిల్ మీద 200 కాదు, 254 పడతాయి. తూకం చీటీలో మొత్తం సరిగ్గానే కనిపిస్తుంది. ఘాట్‌లో మాత్రం స్టీరింగ్ తేలికైపోతుంది, వాన రోడ్డు మీద మలుపులో ముందు చక్రం పట్టు తప్పుతుంది. టాటా వింగర్ లాంటి ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండిలో ఈ తప్పు చేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తిరుగుతూ ఉండిపోతాయి. అదే బరువు వెనక యాక్సిల్‌కి 600 ఎంఎం ముందు పెడితే ముందుకి 36, వెనక్కి 164 పడతాయి.

నలుగురికి 80 లీటర్లు చాలు. మన రోడ్ల మీద నీళ్లు దొరకని చోటు తక్కువ. ట్యాంకులో అడ్డ పలకలుండాలి, లేకపోతే సగం నిండిన ట్యాంకు బ్రేక్ వేసినప్పుడల్లా బండిని తోస్తుంది. గాలి పోయే సన్న గొట్టం పైకి ఉండాలి, లేదంటే పంపు లాగే కొద్దీ ట్యాంకు లోపలికి నొక్కుకుంటుంది. పంపుకి ముందు జాలీ ఫిల్టర్ తప్పనిసరి. సీపీవీసీ పైపు గమ్ముతో అతికిస్తే కుదుపులకి ఎల్బోల దగ్గర చీలుతుంది. మెత్తటి ఫుడ్ గ్రేడ్ గొట్టం, స్టీలు క్లిప్పులు వాడండి. వాడిన నీళ్లకి 40 లీటర్ల ట్యాంకు కింద పెట్టి, అడుగున వాల్వు పెట్టించండి.

ప్లై సంగతి. 8×4 షీటు 18 ఎంఎం అయితే సుమారు 36 కిలోలు, 12 ఎంఎం 24. ఎనిమిది షీట్లకి దాదాపు వంద కిలోల తేడా. వడ్రంగి మేస్త్రి చెయ్యి ఇంటి అల్మరాకి అలవాటు పడి ఉంటుంది కాబట్టి 18 అంటారు. మంచం, కిచెన్ ఫ్రేములు 25 ఎంఎం అల్యూమినియం చదరపు గొట్టంతో చేయించి, మీద 12 ఎంఎం బీడబ్ల్యూపీ (నీటికి ఆగే రకం) ప్లై, తలుపులకి 9 ఎంఎం వేయండి. బీడబ్ల్యూపీ అంటే షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి. మేకులు, తెల్ల గమ్ము కుదుపులకి వదులవుతాయి. రేకుకి రివెట్ నట్లు కొట్టి బోల్టులతో బిగించాలి, చెక్కకి చెక్క స్క్రూలతో పాటు పీయూ గమ్ము. అయస్కాంతం క్యాచ్ పెట్టిన తలుపులు మొదటి స్పీడ్‌బ్రేకర్‌కే తెరుచుకుంటాయి, నొక్కితే లాక్ అయ్యేవి తీసుకోండి.

మంచం అడ్డంగా వేద్దామనుకుంటే లైనింగ్ వేశాక మిగిలే వెడల్పు కొలవండి. రెండు వైపులా కలిపి మూడు నాలుగు అంగుళాలు పోతాయి. పిల్లలకి అడ్డం సరిపోవచ్చు, పెద్దవాళ్లకి పొడవునా వేయడమే మేలు.

మీ 1,100లో నలుగురు మనుషులు 240, నీళ్లు 80, ఫర్నిచర్ 180, ఇన్సులేషన్ లైనింగ్ 70, బ్యాటరీ ప్యానెళ్లు వైర్లు 65, ఫ్రిజ్ గ్యాస్ సామాను 50, పరుపులు బట్టలు తిండి 120. మొత్తం 805. మిగిలిన దాంట్లో 200 కిలోలు ముట్టుకోకుండా వదిలేయండి. ఖాళీగా ఎత్తుగా నిలబడే పాసింజర్ బండికి కమాన్ కట్టలు (స్ప్రింగ్ పట్టీలు) అదనంగా వేయమని ఎవరైనా చెప్తే ఇప్పుడే వద్దు, పనంతా అయ్యాక తూకం చూసి తేల్చండి.

నీలి_మంట:

గ్యాస్ గురించి ఎవరూ రాయలేదు. 12 వోల్టుల మీద ఇండక్షన్ స్టవ్ అంటే 2,000 వాట్లకి 185 ఆంపియర్లు. అంత లావు వైరు, ఇన్వర్టర్ కంటే 5 కిలోల చిన్న సిలిండర్ నయం. ఎల్‌పీజీ గాలికంటే బరువు, కారితే నేల మీద గుంటలో నీళ్లలా నిలుస్తుంది. కాబట్టి సిలిండర్‌కి విడిగా రేకు పెట్టె ఉండాలి. దాని మూత లోపలి గదికి గాలి చొరకుండా మూసుకోవాలి, అడుగున రెండంగుళాల రంధ్రం నేల గుండా బయటికి తెరుచుకోవాలి. ఆ రంధ్రం సైలెన్సర్ పక్కకి రాకూడదు. అదే పెట్టెలో బ్యాటరీ, స్విచ్చు, రిలే ఏవీ పెట్టకండి. ఐఎస్ఐ ముద్ర ఉన్న గొట్టం, రెండు వైపులా క్లిప్పు. గ్యాస్ డిటెక్టర్ నేలకి జానెడు ఎత్తులో, కార్బన్ మోనాక్సైడ్ అలారం మంచం మీద తల ఎత్తులో. బండి కదిలే ముందు రెగ్యులేటర్ ఆపడం డ్రైవర్ పని అని ఇంట్లో ముందే అనుకోండి. లంబసింగిలో చలేసిందని స్టవ్ వెలిగించి కిటికీలు మూసుకుని పడుకోవద్దు.

కృష్ణలంక_కుర్రోడు:

చివరిగా ఒకటి. ఫర్నిచర్ అయ్యాక వైరింగ్ చేస్తే గోడలు నీట్‌గా వస్తాయని షెడ్డువాళ్లు అంటున్నారు. నిజమేనా?

పన్నెండు_వోల్టులు:

కాదు. తుప్పు పని, ఫ్యాన్ కోత, నీళ్ల పరీక్ష, ఆ తర్వాత వైర్లకి ముడతల గొట్టాలు రిబ్బుల వెంట కట్టడం, అప్పుడు ఇన్సులేషన్, లైనింగ్, చివర్లో ఫర్నిచర్. ప్రతి గొట్టంలో ఒక నైలాన్ దారం అదనంగా వదిలేయించండి, రేపు ఇంకో వైరు లాగాల్సి వస్తే గోడ విప్పక్కర్లేదు. లైనింగ్ మూసే ముందు టేపు పక్కన పెట్టి ప్రతి గోడా ఫొటో తీసుకోండి. ఆ తర్వాత అల్మరా స్క్రూ కొట్టే మేస్త్రికి వైరు ఎక్కడుందో ఆ ఫొటోయే చెప్తుంది.